కాలి వైసుకి కొత్త చుట్లు

ఆ సందులో మొండక్కని ఎరగని వాళ్ళు లేరు. పాత ఇనుము కొట్టు దాటి, రేడియేటర్లు అతికేవాడి షెడ్డు దాటి నాలుగడుగులు వేస్తే కుడిచేతి వైపు పొగచూరిన రేకుల కప్పు కింద ఒక కొలిమి కనిపిస్తుంది. అదీ ఆమె చోటు. వయసు నలభై ఆరు. కుడి మణికట్టు ఎడమదాని కంటే లావు. ఎడమ కనుబొమ్మ సగమే ఉంటుంది. ఇరవై మూడేళ్ళప్పుడు ఒక నిప్పురవ్వ మిగతా సగాన్ని పట్టుకుపోయింది, మళ్ళీ మొలవలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "పోతే పోయింది, కనుబొమ్మతో నేను మేకులు కొడతానా?" అంటుంది.

మొండక్క అన్న పేరు ఊరికే రాలేదు లెండి. ఒకసారి ఒక లారీ ఓనరు గొలుసు కొక్కెం తెచ్చి వంపు సరిచెయ్యమన్నాడు. ఈమె అటూ ఇటూ తిప్పి చూసి, లోపల పగులుంది, ఇది పనికిరాదు, కొత్తది చేస్తానంది. "నాకు తెలీదా? బ్రహ్మాండంగా ఉంది. నువ్వు వంపు తియ్యి చాలు" అన్నాడాయన. మాటా మాటా పెరిగింది. ఈమె ఇంకో ముక్క మాట్లాడకుండా కొక్కేన్ని వైసు ఇనుప దవడల మధ్య బిగించి సమ్మెటతో ఒక్కటేసింది. అది టపీమని రెండైంది. రెండు ముక్కలూ ఆయన చేతిలో పెట్టి, "ఇదిగోండి, బ్రహ్మాండంగా ఉంది, తీసుకెళ్ళండి" అంది. ఆ ఓనరు వారం రోజులు అటువైపు తొంగిచూడలేదు. ఎనిమిదో రోజున వచ్చి కొత్తది చేయించుకున్నాడు. ఇప్పటికీ ఆయన లారీలన్నిటికీ కొక్కేలు ఇక్కడి నుంచే.

ఈ పనిలోకి ఆమె ముచ్చటపడి వచ్చిందేం కాదు. అంతకు ముందు బట్టల షాపులో గుడ్డ కొలిచే ఉద్యోగం. ఏడాది బుద్ధిగానే చేసింది. ఒకరోజు షాపు నిండా జనం ఉండగా, మీటరు బద్ద బొటనవేలంత తక్కువుందని ఓనరుతో అంది, అదీ అందరికీ వినపడేలా. సాయంత్రానికల్లా ఇంటికి పంపేశారు. అదే వారం నాన్న దగ్గర సమ్మెట వేసే మనిషి పని మానేశాడు. నాన్న తల పట్టుకుని కూర్చుంటే, "మనిషి దొరికేదాకా నేనేస్తాన్లే" అంది ఈమె. మనిషి దొరకలేదు. దొరికినా ఈమె రానిచ్చేది కాదని సందులో వాళ్ళంటారు. పెళ్ళయింది, ఆయన స్కూలు బస్సు నడుపుతాడు, ఇద్దరు పిల్లలూ పెద్దవాళ్ళయిపోయారు. సమ్మెట మాత్రం చేతిలోంచి దిగలేదు.

ఇంత మొండి మనిషీ ఒక్క గొంతు దగ్గర మెత్తబడిపోయేది. అది నాన్న గొంతు.

ఆ కొలిమిలో ఒక పద్ధతుంది. గాలి చక్రం తిప్పేవాళ్ళూ, పట్టకారు పట్టుకునేవాళ్ళూ ఇనుము కాగిందో లేదో తేల్చకూడదు. మంట మీదికి వంగి ఉన్నవాళ్ళ కళ్ళు ఆ వెలుగుకి చెదిరిపోయి, రంగు ఒకటుంటే ఇంకోటి కనపడుతుందట. అందుకని పక్కన నీడలో ఒకరు కూర్చుంటారు. వాళ్ళ పనల్లా రంగు చూడ్డం. నల్లెరుపు, పండు మిరప ఎరుపు, నారింజ, పసుపు, ఏ పనికి ఏ రంగు దగ్గర ఆపాలో అంతా ఆ కంట్లోనే ఉంటుంది. సరైన రంగు రాగానే "చాలు" అంటారు. ఆ మాట పడితే ఇనుము బయటికి రావాల్సిందే. ఎందుకని అడిగేదే లేదు. నాన్న ఒక పాత బండి చక్రం మీద చెక్క బిగించి పీట చేసుకున్నాడు. దాని మీద కూర్చుని ఇరవై నాలుగేళ్ళుగా ఆయన చాలంటున్నాడు, మొండక్క తీస్తోంది. ఊరందరితో పేచీ పెట్టుకునే మనిషి, ఆ ఒక్క మాటకి ఒక్కనాడూ ఎదురు చెప్పి ఎరగదు.

ఇక వైసు సంగతి. బల్ల అంచుకి బిగించే మామూలు వైసు కాదది, కాలి వైసు. అంటే నేలదాకా దానికో ఇనుప కాలుంటుంది. ఆ కాలు నేలలో పాతిన రాతి గుంటలో ఆనుకుని ఉంటుంది కాబట్టి, ఎంత గట్టి సమ్మెట దెబ్బ వేసినా ఆ ఊపు నేలలోకి దిగిపోతుందే తప్ప బల్ల అదరదు. పైన రెండు దవడలు. బయటి దవడని లోపలికి లాగడానికి చేతికర్రంత లావు మర. ఆ మర తిరగడానికి ఒక గొట్టం, గొట్టం లోపల మర గాడిలో పట్టే చుట్లు. మర వదులు చేస్తే దవడని బయటికి తొయ్యడానికి ఒక స్ప్రింగు. కింద రెంటినీ కలిపి ఉంచే శీల. అంతే, అంతకంటే దాన్లో ఏం లేదు. పడవలు బాగుచేసే యార్డొకటి మూసేస్తుంటే నాన్న తూకానికి కొని, తోపుడు బండి మీద వేసుకుని తెచ్చాడట. "మీ అమ్మ కంటే ముందు వచ్చింది ఈ ఇంటికి, కాస్త మర్యాదగా చూడండి" అనేవాడు. అమ్మ ఆ మాట విన్నప్పుడల్లా, "అయితే వంట కూడా దాన్నే చెయ్యమనండి" అనేది.

అలాంటి వైసు ఒక సోమవారం పొద్దున మొండికేసింది. గేటు బందు ఒకటి వంచుతుంటే లోపల ఠంగుమంది. స్ప్రింగు విరిగింది. దవడ తెరుచుకోవడం మానేసింది. "సరే, ఎలాగూ విరిగింది, మొత్తం విప్పి శుభ్రంగా బాగుచేద్దాం" అనుకుంది మొండక్క. కింది శీల చూస్తే ఒకవైపు అరిగి కోడిగుడ్డు ఆకారానికొచ్చింది. మర వెనక్కి తిప్పితే సగం దాకా వచ్చి గొట్టంలో ఇరుక్కుపోయింది. ఏళ్ళ తరబడి పడ్డ ఇనుప పొట్టూ, గ్రీజూ కలిసి రాయిలా గట్టిపడ్డాయి. రెండు రోజులు కిరసనాయిల్లో నానబెట్టినా ఉలుకూ పలుకూ లేదు.

"కొంచెం వేడి చూపించవే, అదే వదులుతుంది" అన్నాడు నాన్న.

ఏ కొలిమివాడైనా అదే అంటాడు. ఇరుక్కున్నదేదైనా సరే, వీళ్ళకి తెలిసిన మందు ఒకటే, నిప్పు. మొండక్క గొట్టాన్ని మరతో సహా బొగ్గుల్లో పెట్టి చక్రం తిప్పింది. నల్లెరుపు వచ్చింది. ఇరుకు వదలడానికి అది చాలు. నాన్న ఏమీ అనలేదు. పండు మిరప రంగు వచ్చింది. అప్పుడూ అనలేదు. ఎక్కువవుతోంది అని ఆమెకి అనిపించింది. అనిపించినదాన్ని ఎప్పటిలాగే పక్కకి నెట్టి, చక్రం తిప్పుతూనే ఉంది. నారింజ రంగు తిరిగింది. గొట్టం మూతి నుంచి బంగారంలా మెరుస్తూ ఒక చుక్క జారి బొగ్గుల్లో పడింది. తరవాత ఇంకోటి. అప్పుడు అన్నాడు నాన్న, "చాలు."

మర బయటికి సులువుగానే వచ్చింది. దాంతో పాటు గొట్టం లోపలి చుట్లు కూడా ఊడి, వంకర్లు తిరిగిన ఇనుప పేలికలు మర మీద వేలాడుతూ వచ్చాయి.

పాతకాలం వాళ్ళు గొట్టం లోపల చుట్లు కోసేవాళ్ళు కాదు. కొయ్యడానికి వాళ్ళ దగ్గర యంత్రాలేవి? మర గాడిలో చదరపు ఇనుప బద్దని చుట్టి, ఆ చుట్టని గొట్టంలోకి దూర్చి, ఇత్తడి కరిగించి అతికేవాళ్ళు. ఇత్తడి కరిగిందంటే చుట్ట ఊడినట్టే. ఈ సంగతి నాన్నకి ఆయన గురువు ఏనాడో చెప్పాడు. ఇన్నేళ్ళలో ఆ గొట్టాన్ని విప్పే అవసరమే రాలేదు, మర్చిపోయాడు. "నాకు తెలిసే ఉండాలి... నాకు తెలుసు" అని గొణిగాడు పీట మీద కూర్చునే.

మొండక్క గుండెల్లో రాయి పడింది. వైసు కోసం కాదు. నాన్న మర్చిపోయాడంటే సరే, వయసు. కానీ కళ్ళ ముందు నారింజ రంగు మండుతుంటే ఆయన ఊరుకున్నాడు. ఇంకా నల్లెరుపే అనుకుంటూ కూర్చున్నాడు.

నిజానికి ఆమెకి తెలియని సంగతేం కాదది. గోడ గడియారం కింద నిలబడి మీ నాన్న నన్ను టైమెంతని అడుగుతున్నాడని అమ్మ నాలుగు నెలల కిందటే చెప్పింది. సుత్తి కోసం చెయ్యి చాపి, సుత్తికి జానెడు ఇవతల గాలిలో తడమడం ఈమే చూసింది. చొక్కా జేబులో కంటి ఆసుపత్రి చీటీ దొరికితే అమ్మ మందుల షాపులో చూపించింది. కంటి నరం ఎండిపోతోంది, ఉన్న చూపు కాపాడటానికే మందులు, పోయింది రాదు అని చెప్పారట. నాన్న ఎవరికీ చెప్పలేదు. అమ్మా, ఈమే కూడా తమకి తెలుసని ఆయనకి చెప్పలేదు. ఆయన వాళ్ళ దగ్గరా, వాళ్ళు ఆయన దగ్గరా దాచిపెడుతూ, రోజూ పక్కపక్కనే కూర్చుని టీ తాగుతున్నారు.

చెప్పడం ఎలా మరి? ఆయన సమ్మెట దించి పదేళ్ళయింది. చేతులు వణుకుతాయి, పట్టకారు నిలవదు. మిగిలిందల్లా ఆ కన్నే. అది కూడా పోయిందంటే పీట మీద కూర్చున్న మనిషికి ఏం మిగులుతుంది? ఈమెకైనా ఏం మిగులుతుంది? ఇరవై నాలుగేళ్ళు ఒకరి కంటితో ఇనుము చూసిన మనిషి, ఉన్నట్టుండి తన కంటిని నమ్మమంటే నమ్మగలదా? నమ్మలేకపోతే ఇక కొలిమి మూసుకోవడమే.

ఆ మధ్యాహ్నం ఎదురు షెడ్డు నుంచి వెల్డింగ్ బావ వచ్చాడు. ఈమె మేనత్త కొడుకు, చిన్నప్పటి నుంచీ ఈమెని ఏడిపించడమే పనిగా పెట్టుకున్న మనిషి. బల్ల మీద ముక్కలు చూసి నోరు తెరిచాడు.

"ఇదేంటి మరదలా, వైసుకి పోస్టుమార్టం చేశావా? చుట్లు ఊడగొట్టిందెవరు?"

నాన్న పీట మీద కదిలాడు. ఆయన నోరు విప్పేలోపే మొండక్క అంది, "నేనే బావా. చూసుకోకుండా ఎక్కువ కాల్చాను."

"నువ్వా!" బావ ముక్కున వేలేసుకున్నాడు. "పోన్లే. బజార్లో పెద్ద నట్టు దొరుకుతుంది, దానికి సరిపడా బోల్టూ తెస్తా. చర్రున వెల్డు కొట్టి సాయంత్రానికి ఇచ్చేస్తా."

"నీ వెల్డింగూ వద్దు, నీ నట్టూ వద్దు. ఇది ఎలా పుట్టిందో అలాగే బాగుచేస్తా."

"మొండిఘటం" అన్నాడు బావ. కూతురు తన కోసం అబద్ధమాడిందని నాన్నకి తెలుసు. బావ వెళ్ళిపోయాక, "ఈసారి అతికేటప్పుడు నేను సరిగ్గా చూస్తాను. జాగ్రత్తగా చూస్తాను" అన్నాడు. ఆ గొంతు బతిమాలుతున్నట్టు వినపడింది ఆమెకి. "అలాగే నాన్నా" అంది.

పని మొదలుపెట్టింది. ముందు స్ప్రింగు. లారీ కమాను పట్టీ ముక్క తీసుకుని, నాన్న భోజనానికి ఇంటికెళ్ళిన గంటలో కాచి, సాగగొట్టి, వంచింది. నూనెలో ముంచి గట్టిపరిచింది. తరవాత మళ్ళీ మెల్లగా వేడి చూపిస్తూ, మీద నీలం రంగు పాకగానే ఆపింది. దొంగతనం చేస్తున్నట్టు వాకిలి వైపు చూస్తూ చేసిందంతా. ఆయన తిరిగొచ్చి స్ప్రింగు మీద వేళ్ళు ఆడించి, నొక్కి వదిలి, "దీని రంగెవరు చూశారే?" అన్నాడు.

"బావ చూశాడు" అంది.

నాన్న "ఊఁ" అని స్ప్రింగు బల్ల మీద పెట్టేశాడు.

తరవాత శీల. పాత ఇరుసు ముక్కని కాచి గుండ్రం తీసి, ఆకురాయితో రుద్ది రుద్ది, కన్నంలో గాలి దూరనంత బిగువుగా అమర్చింది. దవడల మీద నునుపెక్కిపోయిన గళ్ళని మూరెడు ఆకురాయి అంచుతో ఒక్కొక్కటీ మళ్ళీ కోసింది. రెండు రోజులు పట్టింది. అరచేతిలో బొబ్బ లేచి చితికింది. గుడ్డపీలిక కట్టుకుని మళ్ళీ రుద్దింది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ఆ గళ్ళన్నీ ఒకే తీరుగా మెరిస్తే, కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూసుకుంది. చూసుకోదూ మరి! ఆ సందులో అలాంటి గళ్ళు చేత్తో కోసేవాళ్ళు ఇంకెవరున్నారు?

చివరికి చుట్లు. ఇనుప కడ్డీని సాగగొట్టి, చిటికెనవేలి గోరంత వెడల్పు చదరపు బద్ద తీసింది. దాన్ని ఎర్రగా కాచి, మర గాడి వెంట తిప్పుతూ, సుత్తితో చిన్నచిన్నగా తడుతూ చుట్టింది. చల్లారాక వదిలేస్తే బద్ద తనంతట తానే వెంట్రుకవాసి విచ్చుకుంది. అలా విచ్చుకోవాలి. ఆ వెంట్రుకవాసే మర తిరగడానికి చోటు. మరని తిప్పి బయటికి తీసేసి, చుట్టని గొట్టంలోకి కొట్టింది. పాత కుళాయి ఒకటి కోసి ఇత్తడి ముక్కలు చేసింది. అతుకు పట్టడానికి కంసాలి దగ్గర తెచ్చిన వెలిగారం నూరి ముద్ద చేసి చుట్ల మధ్య పూసి, ఇత్తడి ముక్కలు లోపలంతా పేర్చింది. అన్నీ సిద్ధం. కానీ గొట్టం గోడ మొదటి దెబ్బకే కాలి పల్చబడింది. అతుకు సగంలో ఆగిపోయినా, మాడిపోయినా, ఇంకోసారి కాల్చడానికి ఆ గొట్టం మిగలదు.

మర్నాడు పదిగంటలకి వాకిలి రేకు సగం దించి నీడ చేసింది. కొలిమిలో రంగు సరిగ్గా కనపడాలంటే ఎండ పడకూడదు. వెల్డింగ్ బావ నల్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని మరీ వచ్చాడు.

"అద్దాలెందుకు బావా?"

"నువ్వు కోప్పడితే పెట్టుకుందామని."

"అయితే నోటిక్కూడా ఏదైనా పెట్టుకో" అంది. నాన్న పీట మీద ముందుకు జరిగి, మోకాళ్ళ మీద చేతులుంచి, మంట వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. పరీక్షకి కూర్చున్నవాడిలా ఉన్నాడు పాపం.

గొట్టాన్ని బొగ్గుల్లో పెట్టి మెల్లగా తిప్పింది చక్రం. ఇలాంటి పనికి తొందర పనికిరాదు. నల్లెరుపు. వెలిగారం ఉబ్బి, తెల్లగా పొంగి, మళ్ళీ కుంగింది. పండు మిరప ఎరుపు. పట్టకారుతో గొట్టాన్ని కొంచెం కొంచెం దొర్లిస్తోంది, నాలుగువైపులా సమంగా కాగాలని. నారింజ రంగు అంచుల్లో మొదలైంది. మూతి దగ్గర ఇత్తడి ముక్కలు కనపడుతున్నాయి. వాటి కోసిన మూలలు ఇంకా పదునుగానే ఉన్నాయి.

"చాలు. తియ్" అన్నాడు నాన్న.

ఆమె చెయ్యి తనంతట తానే బిగుసుకుంది. పట్టకారు గొట్టాన్ని పట్టేసింది, లేపబోయింది కూడా. ఇరవై నాలుగేళ్ళ అలవాటు మరి. అయితే కళ్ళు మాత్రం ఆ ఇత్తడి మూలల మీదే ఉన్నాయి. కరగలేదు. ఒక్క మూలా కరగలేదు. మొన్న కూడా ఈ కళ్ళు ఇలాగే చెప్పాయి, తను వినలేదు, ఏమైంది?

"ఇంకా లేదు నాన్నా" అంది.

ఆ షెడ్డులో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. నాన్న మొహం ఎవరో చెంపదెబ్బ కొట్టినట్టు అయిపోయింది.

"తియ్యమన్నానా! మాడిపోతుందే! మళ్ళీ మాడిపోతుంది, తియ్!"

ఆయన పీట అంచుని రెండు చేతులా పట్టుకున్నాడు. కోపం కాదది, భయం. ఆ భయానికి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా పట్టకారు వదిలేసి చక్రం అందుకుంది. ఒకటి, రెండు, మూడు... తన చెయ్యి తనదేనా అనిపిస్తోంది. ఆరు, ఏడు. ఏమీ కాలేదు. తప్పు నాదేమో, ఆయనే సరైనవాడేమో, గొట్టం తగలబెడుతున్నానేమో. ఎనిమిది, తొమ్మిది. అప్పుడు మూతి దగ్గరి ముక్క మూలలు గుండ్రమయ్యాయి. మరుక్షణం ఆ ముక్క తడిసినట్టు మెరిసి, చదునైపోయి, చుట్ల సందుల్లోకి జారుకుంది. ఆకుపచ్చ అంచుతో ఒక మంట లేచింది. వెంటనే తెల్లటి పొగ, దాంతో పాటు ఇత్తడి పారిన ఘాటు వాసన షెడ్డంతా నిండింది.

ఆ పొగలోనే నాన్న పీట మీద నుంచి లేవడం కనిపించింది. గోడ తడుముకుంటూ, సగం దించిన రేకు కింద నుంచి వంగి బయటికెళ్ళిపోయాడు.

"నాన్నా!" అంది. వెనకే పరుగెత్తాలనిపించింది. ఎలా? గొట్టాన్ని బయటికి తీసి దొర్లిస్తూనే ఉండాలి, ఆపితే కరిగిన ఇత్తడంతా కిందివైపుకే చేరి గడ్డకడుతుంది. దాగలి ఇనుప దిమ్మ మీద గొట్టాన్ని అటూ ఇటూ దొర్లిస్తూ, చెంపల మీద కారేది తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేక, "బావా, వెళ్ళి చూడు" అంది.

"ముందు నువ్వు పని చూడు" అన్నాడు బావ. మొదటిసారి అతని గొంతులో వెటకారం లేదు. "ఆయన సందులో దారి తప్పేవాడేం కాదు."

ఎరుపు పోయింది, నలుపు తిరిగింది. చల్లారడానికి అరగంట పట్టింది, ఆ అరగంట ఆమెకి ఒక పూటలా గడిచింది. లోపల గాజులా గట్టిపడ్డ వెలిగారం పెంకుల్ని తట్టి రాల్చింది. మరకి నూనె రాసి గొట్టం మూతిలో పెట్టింది. మొదటి చుట్టు పట్టింది. రెండో చుట్టుకి గరగరమంది. వెనక్కి తిప్పి, నూనె వేసి, మళ్ళీ ముందుకి. మూడు, నాలుగు, ఐదు. ఆ తరవాత ఇక పిడి అక్కర్లేకపోయింది. బొటనవేలూ చూపుడువేలూ ఆనించి తిప్పితే చివరిదాకా వెళ్ళింది, చివరిదాకా తిరిగొచ్చింది.

బావ సాయం పట్టాడు. దవడలు కలిపి శీల దూర్చారు, స్ప్రింగు పెట్టారు, గొట్టం, మర బిగించారు. బొటనవేలి లావు కడ్డీ ఒకటి దవడల మధ్య పెట్టి బిగించి, "కొట్టు బావా" అంది. అతను సమ్మెటతో నాలుగేశాడు. కడ్డీ వంగింది. వైసు కదల్లేదు. మర ఒక్క చుట్టు కూడా జారలేదు. వదులు చేస్తే స్ప్రింగు దవడని చప్పున తెరిచింది.

"ఒసేయ్ మరదలా," అన్నాడు బావ సమ్మెట దించి, "నా నట్టు సంగతి ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది."

ఆమె వినలేదు. అప్పటికే రేకు కింద నుంచి దూరి సందులోకి వచ్చేసింది.

టీ కొట్టు సందు మలుపులో ఉంది. అల్లంత దూరం నుంచే నాన్న గొంతు వినపడింది. కేకలేస్తున్నాడు. బెంచీ చుట్టూ టీ కొట్టువాడు, రేడియేటర్లు అతికేవాడు, పాత ఇనుము కొట్టాయన, ఎవరో లారీ డ్రైవరు. నాన్న లేచి నిలబడి, చేతులూపుతూ, "తియ్యమన్నా తియ్యలేదయ్యా!" అంటున్నాడు. "ఇరవై నాలుగేళ్ళు! నా మాటకి ఎదురు లేదు ఆ కొలిమిలో. ఇవాళ నా మొహం మీదే, ఇంకా లేదు నాన్నా అంటుంది!"

మొండక్క కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఇంత చేసి ఏం లాభం అనిపించింది. వైసు బాగైంది, మనిషి విరిగిపోయాడు.

"పెద్దాయన మాట కాదనడం తప్పే కదండీ" అన్నాడు డ్రైవరు మర్యాదకి.

"తప్పా?" నాన్న అతని మీదికి తిరిగాడు. "ఎవడయ్యా తప్పన్నది? నేను చెప్పినప్పుడు తీసుంటే ఆ గొట్టం చెత్తకుప్పలోకి పోయేది! నాకు కళ్ళు కనపడట్లేదయ్యా. అవును, కనపడట్లేదు, ఆర్నెల్లయింది, ఇంట్లోవాళ్ళకి తెలీదనుకున్నాను, వాళ్ళకీ తెలిసే ఉంటుంది. మొన్న వైసు పాడు చేసింది నేను. అది తన మీదేసుకుంది. మొన్నటి స్ప్రింగు కూడా నేను లేనప్పుడు అదే చూసుకుని, బావ చూశాడని నాతో బొంకింది. వెల్డింగువాడికి రంగేం తెలుసయ్యా, నల్లద్దాలు పెట్టుకుని పనిచేసేవాడికి? ఇవాళ నేను చాలన్నాను. అది లేదంది. తొమ్మిదో తిప్పుకి ఇత్తడి పారింది. కళ్ళు పోయినా ముక్కు పోలేదు నాకు, ఆ వాసన నాకు తెలీదా? మా గురువు చాలంటే, తప్పని తెలిసీ నేను తీసేసిన రోజులున్నాయి. ఎదురు చెప్పే దమ్ము నాకు లేకపోయింది. దానికుంది!"

పాత ఇనుము కొట్టాయన మెల్లగా, "అయితే రేపట్నుంచి మా గునపాలకి రంగు చెప్పేదెవరు?" అన్నాడు.

"నా కూతురు. ఇష్టమైతే తెచ్చుకో, లేకపోతే లేదు. అది ఎవరి మాటా వినదు, ముందే చెప్తున్నా."

మొండక్క ముక్కు గట్టిగా ఎగబీల్చింది. ఆ చప్పుడుకి నాన్న తలతిప్పాడు. ఆమె ఉన్న చోటుకి కాస్త పక్కగా చూస్తూ, గొంతు తగ్గించి అడిగాడు.

"వచ్చావా? చల్లారిందా?"

"చల్లారింది నాన్నా."

"తిరుగుతోందా?"

"తిరుగుతోంది. పిడి కూడా అక్కర్లేదు. రెండు వేళ్ళు ఆనిస్తే చాలు, చివరిదాకా వెళ్తోంది."

నాన్న తల రెండుసార్లు ఊపాడు. తరవాత ఛాతీ నిండా ఊపిరి పీల్చుకుని, జనం వైపు తిరిగి, సందు ఈ చివర నుంచి ఆ చివరదాకా వినపడేలా అరిచాడు.

"విన్నారా? రెండు వేళ్ళతో!"